జానకీదేవిగారి మొహమాటం ఓటు

జానకీదేవిగారికి కాదనడం రాదు. ఈ మాట మెచ్చుకోలుగా అంటున్నానో, విసుగ్గా అంటున్నానో ఇప్పటికీ నాకే తెలీదు. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇరవై ఏళ్ళుగా మావి పక్కపక్క ఇళ్ళు. నాకు నోరెక్కువ, ఆవిడకి మొహమాటమెక్కువ. ఇక్కడి తెలుగు సంఘం రెండుగా చీలిన ఏడాది అందరూ ఏదో ఒక పక్క చేరి రెండో పక్కవాళ్ళని తిట్టుకున్నారు. ఈవిడ మాత్రం రెండు సంఘాల్లోనూ సభ్యత్వం తీసుకుని, ఒకే ఆదివారం రెండు ఉగాది భోజనాలకీ వెళ్ళి, రెండు చోట్లా మారు వడ్డించుకుని, సాయంత్రానికి కడుపు పట్టుకుని పడుకున్నారు. "వెళ్ళకపోతే వాళ్ళేమనుకుంటారు పద్మా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. జీలకర్ర నీళ్ళు కాచి ఇచ్చింది కూడా నేనే.

పెళ్ళయిన కొత్తలో, డెబ్బైల్లో, జానకీదేవిగారు భర్త కృష్ణమోహన్‌గారి వెంట అమెరికా వచ్చారు. ఆయన కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజనీరు. ఆవిడ ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే ఉద్యోగంలో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. క్రిస్మస్ రోజు డ్యూటీ ఎవరు వద్దన్నా అది ఈవిడ నెత్తిన పడేది. పిల్లలు లేరు. ఎదురింటి అమ్మాయి మీనా వాళ్ళమ్మకి నైట్ షిఫ్టులు కావడంతో, ఆ పిల్లకి జడలు వేసి స్కూలు బస్సెక్కించడం ఈవిడ పనయింది. మీనా పెద్దదై, లాయరై, ఇల్లు ఖాళీ చేయించబోతే దిక్కుతోచని పేదవాళ్ళ తరఫున కోర్టుకెక్కే ఉద్యోగం చూసుకుంది. రెండు వేల పధ్నాలుగులో మిషిగన్ రాష్ట్ర సెనేట్‌కి మా జిల్లా సీటు ఖాళీ అయినప్పుడు, పోటీ చేయాలా వద్దా అని తటపటాయిస్తూ మీనా మొదట అడిగింది జానకీదేవిగారినే.

"నువ్వు నిలబడమ్మా. మేమంతా లేమూ?" అన్నారు ఈవిడ.

ఈవిడ అందరికీ చెప్పే మాటే అది. కానీ మీనా దాన్ని నమ్ముకుని నిజంగానే నిలబడింది.

నవంబర్ ఎన్నికకి ముందు ఆగస్టులో ప్రైమరీ ఉంటుంది. ఏ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో అక్కడ తేలుతుంది. డెమొక్రాట్లలో మీనాకి పోటీగా నిలబడ్డ పెద్దమనిషి అప్పటికే కింది సభలో ఏళ్ళ తరబడి ఉన్నవాడు. యూనియన్లు ఆయనవి, పార్టీ పెద్దలు ఆయనవాళ్ళు. లోకల్ పేపరువాళ్ళు ఆయన గురించి సగం పేజీ రాసి, చిట్టచివర "పోటీలో మీనా కూడా ఉన్నారు" అని ఒక్క వాక్యం పడేశారు. సర్వేలో మీనా ఎక్కడో అడుగున ఉంది. ఒక్కటే ఆశ. ఆగస్టు ఎండలో ఓటు వేయడానికి ఎక్కువమంది రారు, కాబట్టి వందా యాభై ఓట్లతో కూడా ఫలితం తారుమారవుతుంది. ఆ ఓట్లు జానకీదేవిగారి దగ్గరున్నాయి.

ఎలాగంటే, రిటైరయ్యాక ఆవిడ గుడి బేస్‌మెంట్ హాల్లో ప్రతి గురువారం పెద్దవాళ్ళని కూడగట్టేవారు. కాసేపు భజన, కాసేపు పేకాట, ఉప్మా, కాఫీ. సిటిజన్లయిన ముసలివాళ్ళు అరవై మంది దాకా వచ్చేవారు. చాలామంది డ్రైవింగ్ మానేసినవాళ్ళే. పెద్దవాళ్ళ కోసం కౌంటీ పన్ను డబ్బుతో నడిపే వ్యానులో వచ్చి, అందులోనే వెళ్ళేవారు. వాళ్ళంతా పోస్టులోనే ఓటు వేస్తారు. వాళ్ళకి జానకీదేవిగారి మాటంటే గురి.

ఆ హాలుకే నెలకోసారి డాక్టర్ హర్షవర్ధన్ వచ్చి, పైసా తీసుకోకుండా అందరికీ బీపీ చూసేవాడు. మంచివాడు, కాదనను. రెండేళ్ళ కిందట కృష్ణమోహన్‌గారు వాకిట్లో మంచు తీస్తూ కుప్పకూలితే, ఆదివారం ఇంట్లో ఉన్న మనిషి పరుగున ఆసుపత్రికి వెళ్ళి, స్టెంట్లు వేసి బతికించాడు. ఆ డాక్టరు ఈ ఎన్నికల్లోనే, రిపబ్లికన్ల ప్రైమరీలో, కౌంటీ పన్నులూ ఖర్చులూ తేల్చే కమిషనర్ పదవికి నిలబడ్డాడు. ఆయనకీ గట్టి పోటీయే. ఒక గురువారం బీపీ పట్టీ విప్పుతూ, "జానకిగారూ, మన సీనియర్స్‌కి నా గురించి కూడా ఒక మాట చెప్పండి" అన్నాడు.

"అయ్యో, అది మీరు చెప్పాలా డాక్టరుగారూ!" అన్నారు ఈవిడ.

బ్యాలెట్లు పోస్టులో వచ్చిన వారం, ఈవిడ ఒక నమూనా బ్యాలెట్‌ని పెద్దగా ప్రింట్ చేయించి హాలు గోడకి అంటించారు. ఒక వరసలో మీనా పేరు పక్కన గుండ్రం నల్లగా నింపారు. పక్క వరసలో డాక్టరుగారి పేరు పక్కన కూడా నింపారు. "ఇద్దరూ మనవాళ్ళే. ఇద్దరికీ వేద్దాం, ఎవరికీ బాధ ఉండదు" అన్నారు. అందరూ సంతోషంగా తలలూపారు. నేనూ ఊపాను, నాకేం తెలుసు గనక! మేమంతా నవంబర్లో ఓటు వేసేవాళ్ళమే తప్ప, ప్రైమరీ మొహం చూసినవాళ్ళం కాదు. నవంబర్లో ఆ పార్టీకి ఒకటి, ఈ పార్టీకి ఒకటి వేసినా ఎవరూ ఏమీ అనరు.

ఎన్నిక మంగళవారం. ముందటి గురువారం, అందరికీ కృతజ్ఞతలు చెప్పాలని మీనా హాలుకి వచ్చింది. నమస్కారాలు పెడుతూ వస్తూ వస్తూ గోడ ముందు ఆగిపోయింది.

"ఆంటీ, ఇది ఎవరు చేసారు?"

"నేనేనమ్మా. బాగా కనపడాలని పెద్దది చేయించాను."

"అందరూ ఇలాగే వేసారా? మెయిల్ చేసేసారా?"

"ఎప్పుడో! అందరూ పంపించేశారు."

మీనా కుర్చీలో కూలబడింది. "ఆంటీ, ప్రైమరీలో ఒక పార్టీ కాలమ్‌లోనే వెయ్యాలి. రెండు కాలమ్స్‌లో వేస్తే ఏదీ కౌంట్ అవ్వదు. నాది పోతుంది, డాక్టర్ అంకుల్‌ది కూడా పోతుంది. బూత్‌లో అయితే మెషీన్ బ్యాలెట్ వెనక్కి ఇచ్చేస్తుంది. మెయిల్‌లో ఎవరూ చెప్పరు. జస్ట్ పడేస్తారు."

జానకీదేవిగారి చేతిలో ఉప్మా గరిటె అలాగే ఉంది. నేను గోడ దగ్గరికి వెళ్ళి చూశాను. ఆ నల్లటి గుండ్రాల పైన చిన్న అక్షరాల్లో ఆ నిబంధన ఉండనే ఉంది. మేం చదవలేదు.

మీనా ఫోన్ల మీద ఫోన్లు చేసి ఒక దారి కనుక్కుంది. పంపేసిన ఓటు రద్దు చేయమని సంతకం పెట్టి, ఎన్నికలు చూసే సిటీ క్లర్క్ ఆఫీసులో ఇస్తే, కొత్త బ్యాలెట్ ఇస్తారు. శనివారం మధ్యాహ్నం రెండింటి దాకానే గడువు.

"మా వాలంటీర్స్‌ని పంపిస్తే వీళ్ళు భయపడతారు ఆంటీ. వాళ్ళకి తెలుగు రాదు. మీరే చెప్పాలి," అంది మీనా. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని జానకీదేవిగారు తర్వాత నాతో అన్నారు.

వ్యాను కావాలంటే రెండు రోజుల ముందు బుక్ చేయాలి, పైగా శనివారం రాదు. శుక్రవారం పొద్దున్నే ఇద్దరం ఆవిడ కార్లో బయల్దేరాం. మొదటి ఇంటికి వెళ్ళాం. వీరాంజనేయులుగారని, రిటైరయిన లెక్కల ప్రొఫెసరు. విషయం చెప్పగానే ఆయన తోక తొక్కిన పాములా లేచాడు.

"ముప్ఫై ఏళ్ళ నుంచీ ఓటు వేస్తున్నానమ్మా నేను! నాకు తెలీదా?"

"నవంబర్లో వేశారు. ఆగస్టులో ఎప్పుడన్నా వేశారా?" అన్నాను.

ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "సరే, ఇప్పుడు ఒకళ్ళకే వెయ్యాలంటారు. ఎవరికి వెయ్యమంటారు జానకిగారూ?" అన్నాడు.

ఈవిడ నీళ్ళు నమిలారు. "అది... మీ ఇష్టం అన్నయ్యగారూ. ఇద్దరూ మనవాళ్ళే కదా."

"అయితే డాక్టరుకే వేస్తాను. నా బీపీ చూసేది ఆయనే."

ఆయన్ని క్లర్క్ ఆఫీసుకి తీసుకెళ్ళి, ఓటు మార్పించి, దింపేసి వచ్చాక నేను ఆగలేకపోయాను. "ఇలా అయితే మీనా కొంప మనమే ముంచినవాళ్ళమవుతాం. వాళ్ళు అడుగుతున్నారు కదా, చెప్పడానికి మీకేమైంది?"

"ఎలా చెప్పను పద్మా? మా ఆయన గుండె నిలబెట్టిన మనిషి. ఆయనకి వెయ్యొద్దని ఈ నోటితో ఎలా అనను?"

"మరి మీనాని నిలబడమన్నది ఏ నోటితో?"

అనేశాక నాలిక కరుచుకున్నాను. ఆవిడ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఏడ్చారు. ఆర్చర్డ్ లేక్ రోడ్డు మీద సిగ్నల్ పచ్చగా మారినా కదల్లేదు. వెనకవాడు హారన్ కొడుతున్నాడు. నాకు చచ్చేంత భయం వేసింది, ఈవిడ ఇక్కడే ఆగిపోతారేమోనని. చివరికి ముక్కు తుడుచుకుని కారు కదిలించారు.

రెండో ఇంట్లో మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి ఆవిడ నేల చూపులు చూస్తూనే అన్నారు. "నేను మీనాకి మాటిచ్చానండీ. డాక్టరుగారికి మొహమాటానికి ఊఁ అన్నాను. మీ ఓటు మీది. నన్నడిగితే మాత్రం మీనాకి వెయ్యమంటాను."

అక్కణ్ణించి ఒకోసారి కలిసి, ఒకోసారి నా కారు కూడా తీసి ఇల్లిల్లూ తిరిగాం. కొందరు కాలిఫోర్నియాలో కూతుళ్ళ దగ్గరికి వెళ్ళిపోయి ఉన్నారు, వాళ్ళ ఓట్లు పోయినట్టే. కొందరు, "ఇదంతా మాకెందుకమ్మా, ఏమన్నా కేసవుతుందా?" అని తలుపు దగ్గర్నుంచే పంపేశారు. కొందరు డాక్టరుకే వేస్తామన్నారు, వాళ్ళని కూడా జాగ్రత్తగా కారెక్కించుకుని తీసుకెళ్ళారు ఈవిడ. నాకు అదీ కోపమే. పెట్రోలు మనది, ఓటు వాళ్ళదా అని సణిగాను. ఆవిడ పట్టించుకోలేదు.

ఆ రెండు రోజుల్లో ఆవిడ ఇంకోటి గమనించారు. గురువారం హాల్లో నవ్వుతూ పేకాడే మనుషులు ఇళ్ళల్లో ఎలా ఉంటారో మేం ఎప్పుడూ చూడలేదు. కొడుకూ కోడలూ ఆఫీసులకి పోతే, బేస్‌మెంట్ గదిలో టీవీ ముందు ఒక్కళ్ళే. ఒకావిడ మమ్మల్ని చూసి, "గురువారమా ఇవాళ?" అని చెప్పులు వేసుకోబోయింది. గుమ్మం దాటి వారమయిందట. ఆ ఇంటి ఫ్రిజ్ మీద డాక్టరుగారి కరపత్రం అంటించి ఉంది. జానకీదేవిగారు కళ్ళజోడు పెట్టుకుని దాన్ని మొదటిసారి చదివారు. గెలిస్తే తగ్గిస్తానన్న పన్నుల్లో మొట్టమొదటిది పెద్దవాళ్ళ వ్యానుకి వసూలు చేసేదే. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి సంచిలో పెట్టుకున్నారు.

శనివారం పన్నెండు దాటింది. ఇక ఒక్క పేరు మిగిలింది. ధనమ్మగారు, డాక్టరుగారి తల్లి. ఆవిడా గురువారం మనిషే, ఆవిడా గోడ మీది బొమ్మ చూసి ఇద్దరికీ వేసింది.

"ఆవిడకి చెప్పకండి," అన్నాను. "ఒక్క ఓటు. అదీ కొడుక్కే పోతుంది. పైగా ఆవిడకి చెప్తే డాక్టరుకి తెలుస్తుంది, మీరు ఊరంతా తిరిగి మీనాకి వెయ్యమన్నారని. మీ ఆయన్ని ఆ డాక్టరు చేతుల్లో పెట్టుకుని ఎందుకీ గొడవ?"

"ఆవిడ ఓటు కూడా చెడగొట్టింది నేనే కదా," అన్నారు జానకీదేవిగారు. కారు అటే తిప్పారు.

ధనమ్మగారు విన్నంతసేపూ విని, కర్ర నేలకేసి కొట్టింది. "ఏంది, నా కొడుక్కేసిన ఓటు ఖరాబు చేసినవా? గిప్పుడొచ్చి చెప్తున్నవా?"

"తప్పయిపోయింది పెద్దమ్మా. ఇంకా టైముంది. రండి, తీసుకెళ్తాను."

కార్లో కూర్చున్నాక ముసలావిడే అడిగింది. "నేనెవ్వరికేస్తనో నీకు ఎర్కనే గదా?"

"మీ అబ్బాయికే వేస్తారు."

"మరెందుకు తోల్కపోతున్నవ్ బిడ్డా?"

"మీ ఓటు మీకు తిరిగివ్వాలి కదా పెద్దమ్మా."

క్లర్క్ ఆఫీసు తలుపులు మూసేలోపు ధనమ్మగారి పని అయింది. బయటికొచ్చి, జానకీదేవిగారి భుజం పట్టుకుని మెట్లు దిగింది.

మంగళవారం గడవడం ఒక నరకం. మీనా వాళ్ళింట్లో అందరూ గుమిగూడితే ఈవిడ వెళ్ళలేదు. "ఓడితే ఆ పిల్ల మొహం ఎలా చూడను?" అని మా వంటింట్లో కూర్చుని, చిక్కుడుకాయలు ఈనెలు తీసి, తీసినవాటినే మళ్ళీ తీశారు. రాత్రి లెక్కల్లో మీనా వెనకబడింది. పోస్టు ఓట్ల లెక్క ఆలస్యంగా వస్తుందన్నారు. ఎప్పుడు నిద్రపోయానో నాకు తెలీదు. పొద్దున్నే మీనా ఫోను. "ఆంటీ, గెలిచాం! యాభై మూడు ఓట్లు ఆంటీ!" అంటూ అవతల ఏడుస్తోంది. జానకీదేవిగారు ఫోను నా చేతిలో పెట్టేసి సింకు దగ్గర మొహం కడుక్కున్నారు. ఆ యాభై మూడులో మేం తిప్పినవి ఎన్నో ఎవరూ చెప్పలేరు. గెలుపుకి మాత్రం ఇద్దరం పొంగిపోయాం. అయితే ఆ పొంగు ఎంతోసేపు లేదు. మా జిల్లా నవంబర్లో ఎప్పుడూ రిపబ్లికన్లకే పోతుంది. మీనాకి అవకాశం తక్కువే అని పేపరువాళ్ళు ఆ రోజే మళ్ళీ రాశారు.

డాక్టరు కూడా గెలిచాడు, అదీ బొటాబొటీగానే. శనివారం సాయంత్రం మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని జానకీదేవిగారింటికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. కృష్ణమోహన్‌గారు సోఫాలో దుప్పటి కప్పుకుని బేస్‌బాల్ చూస్తున్నారు.

"జానకిగారూ, అమ్మ అంతా చెప్పింది," అన్నాడు డాక్టరు. ఇక గొడవే అనుకున్నాను. కానీ ఆయన నవ్వుతున్నాడు. "మీరు మీనాకి చెప్పారట, ఫరవాలేదండీ, చిన్నప్పట్నుంచి పెంచిన పిల్ల. అయినా అమ్మని మీరే తీసుకెళ్ళారు చూడండి, నేను చాలా టచ్ అయ్యాను. నవంబర్లో ఇక ఈ గొడవే లేదు. రెండు వైపులా వేసుకోవచ్చు. మీనాకీ వెయ్యండి, నాకూ వెయ్యండి. మీ గురువారం గ్రూపుకి ఒక్క మాట చెప్పండి, చాలు."

దేవుడే దారి చూపించాడనుకున్నాను. నిజం చెప్తున్నాను, ఇంత నోరున్న నేను కూడా ఆవిడ ఊఁ అంటే బాగుండునని కోరుకున్నాను. ఒక్క ఊఁతో అందరూ సుఖంగా ఉంటారు. కృష్ణమోహన్‌గారు టీవీ సౌండు తగ్గించారు.

జానకీదేవిగారు కాఫీ కప్పు ఆయన ముందు పెట్టి, నిలబడే అన్నారు. "ఇద్దరికీ వెయ్యొచ్చని వాళ్ళకి చెప్తాను డాక్టరుగారూ. అది రూలు కదా, ఈసారి సరిగ్గా చదివాను. కానీ నేను మీకు వెయ్యనండి."

డాక్టరు నవ్వు మొహం మీదే ఉండిపోయింది. "ఎందుకండీ?"

"వ్యానుకిచ్చే టాక్స్ తీసేస్తానని రాశారు. ఆ రెండు రోజులూ నేనే వ్యానై తిరిగాను. వాళ్ళు ఇళ్ళల్లో ఎలా ఉన్నారో చూశాను. ఆ వ్యాను లేకపోతే వాళ్ళకి గురువారం కూడా లేదు." చీర కొంగు రెండు చేతులతో పట్టుకుని నలుపుతున్నారు. "మీరు ఆయన ప్రాణం నిలబెట్టారు. చచ్చేదాకా మీకు దణ్ణం పెడతాను. ఓటు మాత్రం వెయ్యలేను."

డాక్టరు వాచీ చూసుకుని, కాఫీ రెండు గుక్కలు తాగి లేచాడు. "ఓకే. చెప్పినందుకు థాంక్స్ అండీ," అన్నాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "సోమవారం కృష్ణమోహన్‌గారికి చెకప్ ఉంది కదా," అన్నాడు. అందులో కోపముందో లేదో నాకు తెలియలేదు. కారు వెళ్ళిపోయింది.

జానకీదేవిగారు తలుపు వేసి నా వైపు తిరిగారు. "ఆ చివరి మాట ఎందుకన్నాడు పద్మా? ఇక చూడననా? చూస్తాననా?"

మొదటిసారి ఆవిడ కోసం నాకు నిజంగా భయం వేసింది. రెండేళ్ళుగా కృష్ణమోహన్‌గారి గుండె సంగతంతా తెలిసిన డాక్టరు ఆయనొక్కడే.

సోఫాలోంచి కృష్ణమోహన్‌గారు మెల్లిగా అన్నారు. "పోనీలే. సోమవారం నేను పద్మతో వెళ్తాను. నువ్వు రాకు జానకీ, నీకు ఇబ్బంది."

డాక్టరు సగంలో వదిలేసిన కాఫీ కప్పు ఆవిడ తీసి సింకులో పెట్టారు.

"వద్దు," అన్నారు. "నేనే తీసుకెళ్తాను. డాక్టరుగారి ఎదురుగానే కూర్చుంటాను."